పంపు గదిలో ఒక వేసవి

ఆ వేసవిలో ఆర్డర్లు లేవని మా బట్టల ఫ్యాక్టరీకి ఆరు వారాలు తాళం వేశారు. నేనక్కడ చొక్కాలకు కాలర్లు కుట్టేదాన్ని. రోజుకు రెండు వందల నలభై కాలర్లు. పన్నెండేళ్లలో నేను కుట్టిన కాలరు ఎవరి మెడ చుట్టూ ఉందో చూసిన పాపాన పోలేదు. ఆఖరి రోజు గేటు దాటుతుంటే నోటీసు బోర్డు మీద యూనియన్ వాళ్లు అంటించిన కాగితం కనిపించింది. కుటుంబాలకు వేసవి శిబిరం. సరస్సు ఒడ్డున ఐదు రోజులు, రాత్రి బస అక్కడే. పెద్దవాళ్లిద్దరికే రుసుము, పిల్లలకూ అరవై దాటినవాళ్లకూ ఉచితం. రుసుము చదివి, ఎక్కడో ఓ సున్నా ఎగిరిపోయిందేమోనని పక్కనున్న బొత్తాల అమ్మాయిని అడిగాను.

"సరిగ్గానే ఉందక్కా. వంటా, ఊడవడం, గిన్నెలు తోమడం అన్నీ వెళ్లినవాళ్లే పంచుకోవాలట. అందుకే అంత చవక" అంది.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే మా అత్తగారు చేతిలో ఉన్న చేట కింద పెట్టేశారు.

"గిన్నెలు తోమడానికి ఎదురు డబ్బు కట్టి వెళ్లడమేమిటే అమ్మాయ్? మనింట్లో గిన్నెలు లేవా?"

"గిన్నెలున్నాయి, సరస్సు లేదు కదా అత్తయ్యా."

"సరస్సుతో నాకేం పని? నేనేమైనా బాతునా?"

మా అమ్మాయికి అప్పుడు పదేళ్లు. పొద్దున్న లేచింది మొదలు నోరు మూయదని ఇంట్లో అందరం రేడియో అనేవాళ్లం. మేమిలా వాదించుకుంటుండగానే అది బట్టలు సంచిలో కుక్కడం మొదలుపెట్టింది.

మా ఆయన మాత్రం కిటికీ పక్క కుర్చీలోంచి కదల్లేదు. ఆయన పంపులు బాగుచేసే మెకానిక్. అంతకు పదకొండు నెలల ముందు, నలభై నాలుగో ఏట, పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పట్టు తప్పింది. మాట ముద్దగా అయింది. ఇంట్లోవాళ్లకు ఆయన మాట అర్థమయ్యేది. బయటివాళ్లు మాత్రం "ఆఁ?" అని ముఖం ముందుకు పెట్టేవారు. ఆ "ఆఁ?" విన్నాక ఆయన మళ్లీ నోరు తెరిచేవారు కాదు. కొన్నాళ్లకు తలుపు చప్పుడైతే చాలు, లేచి లోపలి గదిలోకి వెళ్లిపోయేవారు. డాక్టరుగారేమో కాళ్లకు ఏమీ కాలేదు, నలుగురిలో తిరగండి అని ప్రతిసారీ చెప్పేవారు.

"ఏవండీ, వెళ్దామా?" అన్నాను.

"మీరు వెళ్లండి."

"వెళ్తే నలుగురం. లేకపోతే ఎవరమూ వద్దు."

రేడియో వెళ్లి ఆయన మోకాళ్ల మీద గడ్డం ఆనించింది. "నాన్నా, నువ్వు రాకపోతే నాయనమ్మ గురకంతా నేనొక్కదాన్నే వినాలి. నీకు న్యాయంగా ఉందా?"

ఆయన మూతి ఎడమ వైపు కాస్త కదిలింది. ఆ పదకొండు నెలల్లో మేం నవ్వు అనుకున్నది అదే. నేను మర్నాడే వెళ్లి రుసుము కట్టేశాను.

*

శిబిరం అంటే గుడారాలనుకున్నాం. తీరా చూస్తే అది అటవీ శాఖ కాలేజీ వాళ్ల హాస్టలు. సెలవుల్లో ఖాళీగా ఉంటుందని కుటుంబాలకు ఇస్తున్నారు. పొడవాటి రేకుల కట్టడం, వరసగా గదులు. ఒక్కో గదిలో ఒకదాని మీద ఒకటి ఎక్కించిన మంచాలు రెండు జతలు, గోడకు నాలుగు కొక్కేలు, ఒక కిటికీ. కిటికీలోంచి ఏటవాలుగా దిగే గడ్డి, దాని చివర నీళ్లు. ఎంత నీళ్లంటే అవతలి ఒడ్డు చెట్లు కొత్తిమీర కట్టల్లా కనిపించాయి.

"ఇవి మంచాలా, రైలు పెట్టెలా?" అంటూనే అత్తగారు మంచి గాలి వచ్చే కింది మంచం మీద తన సంచి పెట్టేశారు.

శిబిరం నడిపే ఆవిడ పొడుగ్గా, చురుగ్గా ఉండేది. మెడలో ఎప్పుడూ ఒక ఈల. మొదటి పూట గడిచేసరికి పిల్లలు ఆవిడకు ఈలమ్మ అని పేరు పెట్టేశారు. పెద్దవాళ్లం ఎదురుగా మేడమ్ అనేవాళ్లం, వెనక మేమూ ఈలమ్మే అనేవాళ్లం. అరవై ముగ్గురం ఉన్నాం. ఆవిడ అట్టకు కాగితం తగిలించుకుని ఎవరికేం పనో రాసుకుంటూ వచ్చింది. నాకు గిన్నెలు. అత్తగారికి కూరగాయలు తరగడం.

"మీకేం రాయమంటారు?" అని మా ఆయన్ని అడిగింది.

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నారు. ఈలమ్మ నా వంక చూసి, ఏమీ రాయకుండా తర్వాతి గదికి వెళ్లిపోయింది. ఆ ఖాళీ చూసి నా మనసు చివుక్కుమంది.

అత్తగారు మాత్రం రెండో రోజుకే వంటశాలకు సర్వాధికారి అయిపోయారు. ఆవిడ కింద ఒక పోస్ట్‌మాన్, ఇద్దరు బడి పంతుళ్లు, మూడేళ్లుగా సెలవే దొరకలేదని చెప్పుకునే ఓ నర్సమ్మ పనిచేసేవారు. "ఏమయ్యా పోస్టూ, ఆ ఉల్లిపాయ నీకేం ద్రోహం చేసిందని అలా నరుకుతున్నావు? మెల్లగా, ఉత్తరం విప్పినట్టు విప్పు" అనే గొంతు సరస్సు దాకా వినిపించేది. పోస్ట్‌మాన్ "అలాగే పెద్దమ్మా" అంటూ కళ్లనీళ్లు తుడుచుకునేవాడు.

రేడియో నీళ్లల్లోనే మకాం పెట్టింది. మా ఆయన జనానికి దూరంగా, ఒడ్డు దగ్గరున్న పంపు గది గోడ నీడలో కూర్చునేవారు. అటువైపు ఎవరూ రారు కాబట్టి. రెండో రోజు సాయంత్రం నేను టీ తీసుకెళ్తే, గ్లాసు అందుకోకుండా వేలు పైకెత్తి వినమన్నారు.

"గాలి పీలుస్తోంది" అన్నారు.

"ఎవరు?"

"పంపు."

"అయితే వెళ్లి ఆవిడకి చెప్పండి."

"నువ్వు చెప్పు."

చెప్పాను. కాలేజీ మెకానిక్ సెలవులో ఉన్నాడని, రాగానే చూపిస్తానని ఈలమ్మ అంది. మర్నాడు పొద్దున గిన్నెల దగ్గర నేను కొళాయి తిప్పితే అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

*

ఈల మోగింది. అందరం భోజనశాలలో చేరాం. ఈలమ్మ బల్ల పక్కన నిలబడి, ఎప్పటిలా కాకుండా నెమ్మదిగా మాట్లాడింది.

"మోటారు తిరుగుతోంది గానీ పంపు నీళ్లు ఎత్తడం లేదు. ట్యాంకులో ఉన్నది సాయంత్రం దాకా వస్తుంది. పట్నంలో ముగ్గురు మెకానిక్‌లకు ఫోన్ చేశాను. నాలుగు రోజులకు గానీ ఎవరూ రాలేరట. రేపు పొద్దున్నే మిమ్మల్ని పంపించేయాల్సి వస్తుంది. మిగిలిన రోజుల డబ్బు తిరిగి ఇచ్చేస్తాం."

"బకెట్లతో మోసుకుందాం మేడమ్, మేమంతా లేమా?" అన్నాడు పోస్ట్‌మాన్.

"అరవై మందికి, అన్ని మరుగుదొడ్లకి, ఆ ఎత్తు ఎక్కి ఎన్ని బకెట్లు మోస్తారు? పిల్లలున్నారు. ఎవరికైనా జబ్బు చేస్తే?"

నర్సమ్మ చేతిలో చెంచా చప్పుడు కాకుండా కింద పెట్టింది. మా రేడియో కూడా నోరు మూసుకుందంటే అర్థం చేసుకోండి.

నేను తిరిగి చూసేసరికి మా ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. కిటికీలోంచి చూస్తే, గడ్డి మీద ఎడమ భుజం ముందుకు వేసి పంపు గది వైపు దిగుతున్నారు. నేను పరుగెత్తాను. నా వెనక ఈలమ్మ కూడా వచ్చింది.

ఆయన పంపు మీద ఎడమ అరచెయ్యి ఆనించి, వెయ్యమన్నట్టు తల ఊపారు. ఈలమ్మ స్విచ్ వేసింది. మోటారు రొద పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"ఆపండి" అన్నారు.

"ఆఁ?" అంది ఈలమ్మ, ముఖం ముందుకు పెట్టి.

అయిపోయింది, ఇక బయటికి నడుస్తారు అనుకున్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, ఆ మాటనే ఒక్కో అక్షరం విడదీసి మళ్లీ అన్నారు.

"ఆ-పం-డి."

ఈలమ్మ ఆపింది.

పంపు నెత్తి మీద మూత విప్పించి, చెంబుతో నీళ్లు పోయించారు. పోసిన నీళ్లు పోసినట్టే, ఇరుసు పంపులోకి దూరే చోట ధారగా బయటికి వచ్చేశాయి. ఆయన అక్కడ వేలు పెట్టి చూపించారు. తిరిగే ఇరుసు చుట్టూ గ్రీజు పట్టించిన నూలుతాడు చుట్టలు కూరి, పైనుంచి పట్టీ బిగిస్తారట. ఆ తాడు అరిగిపోతే, పంపు నీళ్లు లాగాల్సింది పోయి ఆ సందులోంచి గాలి లాగుతుంది. అంతే జబ్బు.

ఆయన గోడకున్న పానా ఎడమ చేత్తో అందుకున్నారు. ఒక చేత్తో బోల్టు పట్టుకుని ఇంకో చేత్తో నట్టు తిప్పాలి. కుడి చేతిని ఎడమ చేత్తోనే ఎత్తి బోల్టు మీద పెట్టి, నట్టుకు పానా తగిలించి తిప్పారు. కుడి చెయ్యి జారింది. మళ్లీ పెట్టారు. మళ్లీ జారింది. మూడోసారి పానా సిమెంటు గచ్చు మీద ఖంగుమని పడింది.

ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డారు. నేనూ ఈలమ్మా ఎటు చూడాలో తెలియక పంపు వంకే చూస్తూ ఉండిపోయాం.

"నువ్వు పట్టు" అన్నారు, ఇటు తిరక్కుండానే.

"నేనా? నాకు కాలర్లు తప్ప ఏం తెలుసండీ?"

"ఇదీ మెడ చుట్టూ తిరిగేదే" అన్నారు.

నేను వంగి పానా తీసుకున్నాను.

*

నట్లు విప్పడానికి గంట పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. పట్టీ జరిపి లోపలికి చూస్తే మాడిపోయిన తాడు ముక్కలు. సైకిలు చువ్వ కొసను వంచి కొక్కెంలా చేయించారు. దాంతో ఒక్కో చుట్టా బయటికి లాగడం, తప్పు పడిన కుట్టు విప్పడం లాంటిదే. పక్కనున్న బట్టకు గాయం కాకుండా దారం మాత్రమే రావాలి.

"నాలుగు వచ్చాయండీ. అయిపోయాయి."

"ఐదుంటాయి."

"లేదండీ, చూశాను."

"ఐదుంటాయి. అడుగున అతుక్కుని ఉంటుంది."

ఉంది. నల్లగా, బిస్కట్టు ముక్కలా విరిగి విరిగి వచ్చింది.

పెట్టడానికి కొత్త తాడు మాత్రం ఆ గదిలో ఎక్కడా లేదు. బీరువా వెతికితే గ్రీజు డబ్బా ఒక్కటి దొరికింది. ఈలమ్మ తల పట్టుకుంది. మా ఆయన తలుపులోంచి బయటికి చూశారు. ఎదురుగా చెట్టు నుంచి చెట్టుకు బట్టలారేసే తాడు, దాని మీద అరవై ముగ్గురి తువ్వాళ్లు.

"అది నూలేనా?" అన్నారు.

రేడియో ఈ మాట కోసమే తలుపు దగ్గర కాచుకున్నట్టు పరుగెత్తింది. క్షణంలో తువ్వాళ్లన్నీ గడ్డి మీద, తాడు మా ఒళ్లో ఉన్నాయి. పురి విప్పి పాయలు తీశాం. అన్నీ గ్రీజులో ముంచి, నాలుగేసి పాయలతో చదరంగా ఉండే జడ అల్లమన్నారు ఆయన. మందం చిటికెన వేలంత, వెంట్రుక వాసి కూడా తేడా రాకూడదు. రేడియో ఒక కొస పట్టుకుని కూర్చుంది, నేను అల్లాను. రోజూ దాని జడ వేస్తున్నప్పుడు అది ఒక్క నిమిషం తల కదపకుండా ఉండదు. ఆ మధ్యాహ్నం రాయిలా కూర్చుంది.

"ఇరుసు చుట్టూ చుట్టి, ఏటవాలుగా కొయ్యి. ఇప్పుడు లోపలికి నెట్టు. రెండోదాని అతుకు మొదటిదాని అతుకు మీదికి రాకూడదు."

"కుట్టు మీద కుట్టు పడకూడదని మా సూపర్‌వైజరు చంపుతుంది లెండి రోజూ."

"అయితే ఆవిడా మెకానిక్కే" అన్నారు.

నేను చెయ్యి ఆపి ఆయన వంక చూశాను. పదకొండు నెలల్లో ఆయన వేసిన మొదటి జోకు అది. ఆ సంగతి ఆయన గమనించలేదు, అప్పటికే మూడో చుట్ట కొలుస్తున్నారు.

ఐదు చుట్టలూ కూరి, పట్టీ వేసి, పళ్లు బిగబట్టి నట్లు బిగించాను. ఇక ఈ జన్మలో ఊడవు అన్నంత గట్టిగా. నీళ్లు పోసి మూత పెట్టాం. బయట గడ్డి మీద జనమంతా చేరారు. వంటశాలలో కత్తి వదలని మా అత్తగారు కూడా వచ్చి నిలబడ్డారు. ఈలమ్మ స్విచ్ వేసింది.

పంపు గొంతు మారింది. గొట్టం వణికింది. బయట ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అంతలో పట్టీ దగ్గర్నుంచి నీలంగా పొగ లేచింది. కాలిన వాసన.

"ఆపు!"

ఆ కేక ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. అంత గట్టిగా, అంత స్పష్టంగా ఉంది. ఈలమ్మ ఒక్క ఉదుటున స్విచ్ కట్టేసింది. బయట చప్పట్లు ఆగిపోయాయి. నాకు ఏడుపొచ్చేసింది.

"పాడుచేశానండీ."

ఆయన వంగి, ఆ వేడిలోనే వేలు ఆనించి చూసి, నవ్వారు. నిజంగానే నవ్వారు, పళ్లు కనిపించేలా.

"మరీ బిగించావు. దానికి ఊపిరాడద్దూ? వదులు చెయ్యి. చుక్కలు పడాలి."

"కారితే తప్పు కదా?"

"కారకపోతేనే తప్పు. ఆ చుక్కలే దానికి చల్లదనం."

పావు వంతు వదులు చేశాను. ఇంకాస్త అన్నారు. ఇంకాస్త చేశాను. ఈలమ్మ మళ్లీ స్విచ్ వేసింది. ఆయనా నేనూ పక్కపక్కన గచ్చు మీద కూర్చుని పట్టీ అంచు వంకే చూశాం. ఒక చుక్క ఉబ్బి, ఆగి, పడింది. ఇంకొకటి. పొగ లేదు. ఆయన పెదాలు కదుపుతూ చుక్కలు లెక్కపెడుతున్నారు. నలభై దాకా లెక్కపెట్టి తల ఊపారు.

పైన కొళాయిల దగ్గర నుంచి మా రేడియో అరుపు వినిపించింది. "వచ్చాయ్! నీళ్లొచ్చాయ్! నాన్నా! అమ్మా! నీళ్లూ!"

ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను. పోస్ట్‌మాన్ మూకుడు మీద గరిటెతో వాయించాడు. పంతుళ్లిద్దరూ బట్టలతోనే కొళాయి కింద కూర్చున్నారు. ఈలమ్మ ఈల నోట్లో పెట్టుకుని ఊదలేక, నవ్వలేక అవస్థ పడింది. అత్తగారు జనాన్ని తోసుకుంటూ వచ్చి కొడుకు ముఖం రెండు చేతుల్లో పట్టుకుని, "ఒరేయ్, ఎంత గట్టిగా అరిచావురా" అన్నారు. పంపు సంగతి ఎత్తనే లేదు.

నర్సమ్మ నా చేతులు తీసుకుని బొబ్బలకు మందు రాసింది. "రేపు ఇంటికి వెళ్లక్కర్లేదు కదూ?" అని రెండుసార్లు అడిగింది.

*

ఐదు రోజులు అయ్యాక మేం మాత్రం వెళ్లలేదు. వేసవి అయ్యేదాకా ఇంకో ఐదు బృందాలు రావాలి, కాలేజీ మెకానిక్ ఇక రానన్నాడు, మీరు ఉండిపోతే గదీ తిండీ జీతమూ ఇస్తాను అంది ఈలమ్మ. నాకెలాగూ ఫ్యాక్టరీ లేదు. అత్తగారైతే, "నేను లేకపోతే ఆ వంటశాల ఏమైపోతుంది?" అని అప్పటికే సంచి విప్పేశారు.

ఆ ఐదు వారాల్లో ఆయన చెప్పనిదీ నేను చెయ్యనిదీ లేదు. ఏళ్లుగా పాడై మూలన పడున్న రెండో పంపుకు బేరింగులు మార్చాను. కొళాయి వాషర్లు, ట్యాంకులో తేలే బంతి, పడవ షెడ్డులో పాత మోటారు, అన్నీ విప్పాను. చెడగొట్టినవి మూడు, బాగుచేసినవి పందొమ్మిది. గోళ్లలో గ్రీజు పోదు, పోనివ్వు అనుకున్నాను. పానా జారినప్పుడు తిట్టుకోవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ప్రతి వారం కొత్త బృందం రాగానే నీళ్లు ఎలా వాడాలో చెప్పే పని ఈలమ్మ ఆయనకిచ్చింది. మొదటిసారి నలుగురైదుగురు "ఆఁ?" అన్నారు. ఆయన మళ్లీ చెప్పారు. మూడో వారానికి పిల్లలు పంపు గది చుట్టూ చేరి ప్రశ్నలు వేసేవారు, ఆయన ఓపిగ్గా జవాబిచ్చేవారు. ఒక రోజు అవతలి ఒడ్డు రైతు ఒకడు పడవలో పంపు వేసుకుని వచ్చాడు. వారం తిరక్కుండా ఇంకో ఇద్దరు వచ్చారు.

ఫ్యాక్టరీ తెరిచారని కబురు వచ్చింది. వెళ్లాను. తొమ్మిది రోజులు కాలర్లు కుట్టాను. పదో రోజు ఉదయం టీ తాగుతూ, "నేను మానేస్తానండీ" అన్నాను.

"ఊఁ" అన్నారు. అప్పటికే ఆయన ఎడమ చేత్తో ఒక అట్ట మీద షెడ్డు కొలతలు గీసి ఉంచారు. నాకంటే ముందే ఆలోచించారన్నమాట, అడిగేదాకా పైకి అనలేదు.

మా వీధి మొగలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాం. తెరిచిన రోజు పొద్దున నేను లోపల బల్ల మీద పానాలు సైజుల వారీగా పేరుస్తున్నాను. ఆయన వాకిట్లో స్టూలు వేసుకుని, వీధికి ఎదురుగా కూర్చున్నారు. ఒకాయన సైకిలు వెనక మోటారు కట్టుకుని వచ్చి ఆగాడు.

"మెకానిక్ ఉన్నాడా?" అన్నాడు.

"ఉంది" అన్నారు మా ఆయన. "పిలుస్తాను, కూర్చోండి."

నేను చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాను. ఆ మనిషి నా వంక చూశాడు, ఆయన వంక చూశాడు, చివరికి సైకిలుకు కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టాడు.